నా జ్ఞాపకం తప్పలేదు

ఇంటి వెనక గది,
జూన్ 4

తమ్ముడికి,

ఈ ఉత్తరం రాస్తున్నది పక్కింటి నర్సమ్మ. చెబుతున్నది నేను. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు సూదులు గుచ్చిన చెయ్యి కాబట్టి అక్షరాలు కూడా గుచ్చుకునేట్టే ఉంటాయి, సర్దుకో. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలని, మధ్యలో తన మర్యాదలు కలపకూడదని ముందే ఒప్పందం చేసుకున్నాం.

మీ సంఘాల కార్యాలయం నుంచి నాకో కాగితం వచ్చింది. పాస్టరు కానివాళ్ళు చర్చిలో ప్రసంగం చెయ్యాలంటే ఇకమీదట అనుమతి పత్రం ఉండాలట. నాకు అది ఇవ్వాలా వద్దా అని విచారణ చేస్తారట. ఎందుకంటే నేను గ్రంథంలో లేని మాట బోధిస్తున్నానని ఫిర్యాదు అందిందట. అది తేలేదాకా నోరు తెరవకూడదట. కింద సంతకం ఎవరిదని అడిగితే నర్సమ్మ కాగితాన్ని దగ్గరికీ దూరానికీ పెట్టి చూసి, "కార్యదర్శి" అని, నీ పేరు చదివింది.

నేను చంకనెత్తుకుని తిప్పినవాడు నన్ను నోరు మూసుకోమన్నాడన్నమాట. అదీ "గౌరవనీయులైన" అని మొదలుపెట్టి.

నువ్వు మా చర్చికి వచ్చి ఆరేళ్ళయింది కనుక సంగతి చెబుతాను. బస్సుల వర్క్‌షాపు వెనక అదే గది, అవే బల్లలు. ఒకప్పుడు నూట నలభై మంది వచ్చేవాళ్ళం, ఆలస్యమైతే కిటికీ బయట నిలబడాల్సిందే. ఇప్పుడు నేను కాక తొమ్మిది మంది. కొందరు పని వెతుక్కుంటూ పోయారు. కొందరు ఊరి మధ్యలో రంగు దీపాలు, పెద్ద స్పీకర్లు పెట్టిన హాలుకి పోతున్నారు. మిగిలినవాళ్ళు ఎక్కడికీ పోలేదు, ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుంటున్నారు. పాస్టరుకి అయిదు చర్చిలు అంటగట్టారు మీరు. మాకు అయిదు వారాలకి ఒకసారి వస్తాడు. మిగతా నాలుగు ఆదివారాలు ఇరవై రెండేళ్ళుగా నేనే చెబుతున్నాను. నేను మూసుకుంటే ఆ నాలుగూ మూతపడతాయి. ఆరాధన జరగని చర్చిని ఊరి చర్చిలో కలిపెయ్యాలని మీ దగ్గర ఇంకో కాగితం ఉంది. అది నాకు తెలియదనుకోకు.

ఫిర్యాదు రాసింది కొత్తగా వచ్చిన కళ్ళజోడు పాస్టరు. మంచివాడే, మాట మెత్తన. మే నెలలో తన వంతు కాని రోజున వచ్చి ఆఖరి బల్ల మీద కూర్చుని చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఆ రోజు నేను పదిమంది ఆడపిల్లల కథ చెప్పాను. పెళ్ళికొడుకు కోసం దీపాలు పట్టుకుని కూర్చున్న పిల్లలు. అయిదుగురికి నూనె అయిపోయింది, తెచ్చుకోవడానికి పోయారు. వచ్చేసరికి తలుపు మూసేశారు. కొట్టారు. మీరెవరో నాకు తెలియదన్నాడు పెళ్ళికొడుకు లోపలినుంచి. ఇక్కడిదాకా ఆ కళ్ళజోడాయన ఒప్పుకుంటాడు. తర్వాత పెళ్ళికొడుకే విందు మధ్యలో లేచి, తన దీపం తనే పట్టుకుని వచ్చి తలుపు తీసి, "ఆలస్యమైనా వచ్చారు కదా, రండి" అన్నాడా లేదా? అది లేదంటాడు.

ఎలా లేకుండా పోతుంది? నీ చిన్నప్పుడు నాకు గ్రంథం చదివి వినిపించింది నువ్వు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, నేను ఇస్త్రీ చేస్తుంటే తిరగేసిన తొట్టి మీద కూర్చుని చదివావు. ఆ మాట నీ నోటినుంచే విన్నాను. నువ్వే సాక్షివి. నీ కార్యాలయంలో నువ్వే లేచి చెప్పు, ఉంది అని. పని అయిపోతుంది.

అక్క


కార్యాలయం, రెండో అంతస్తు,
జూన్ 15

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ముందుగా ఒక సంగతి. ఆ కాగితం నీ ఒక్కదానికే పంపింది కాదు, నలభై ఒక్కమందికి పంపాము. సంఘాలు చిక్కిపోతున్న రోజుల్లో ఎవరికి తోచింది వారు చెబితే ఉన్న కొద్దిమందీ చెదిరిపోతారని మన సంఘాల మండలి భయం. నేను కార్యదర్శిని కాబట్టి సంతకం నాది. నిర్ణయం ముగ్గురు సభ్యుల కమిటీది.

ఆ భాగం నేను కూడా తీసి చూశాను. తలుపు మూస్తారు, లోపలినుంచి ఆ జవాబు వస్తుంది, అంతటితో ఆగుతుంది. తరువాతిది లేదు. ఇన్నేళ్ళలో ఎక్కడో వేరే కథ వచ్చి అందులో కలిసిపోయి ఉంటుంది. అరవై ఆరేళ్ళ వయసులో జ్ఞాపకం తప్పడం నేరమేమీ కాదు, ఎవరూ నిన్ను తప్పు పట్టరు. ఆగస్టులో విచారణ జరుగుతుంది. జ్ఞాపకం తప్పింది, ఇకమీద ఆ భాగం చెప్పను అని ఒక్క మాట అను. చదువు రాకపోయినా ఇరవై రెండేళ్ళ సేవ చూసి ప్రత్యేక అనుమతి ఇప్పించే ప్రయత్నం చేస్తాను.

అక్టోబరులో మండలికి అధ్యక్ష ఎన్నిక ఉంది. నా పేరు అనుకుంటున్నారు. ఈలోగా ఇంటి పేరు ఏ ఫిర్యాదులోనూ నలగకపోతే మంచిది.

నర్సమ్మ గారికి నమస్కారాలు చెప్పు. వారు ఈ ఉత్తరం పైకి చదువుతారు కాబట్టి కుటుంబం సంగతులు రాయడం లేదు.

ఇట్లు
తమ్ముడు


ఇంటి వెనక గది,
జూలై 10

తమ్ముడికి,

నర్సమ్మ నీ నమస్కారాలు తీసుకుంది. మిగతాది నేను తీసుకోలేదు.

నాకు ఇల్లు లేదు, ఇది అద్దె గది. బంగారం లేదు. సంతకం లేదు. అక్షరం ముక్క రాదు. నాకున్నది జ్ఞాపకం ఒక్కటే, నువ్వు దాని మీద చెయ్యి వేశావు. చదువుకున్నవాడివి నీకు మరిచిపోవడం చిన్న విషయం, పుస్తకం తీసి చూసుకుంటావు. నేను మరిచిపోతే నాకు ఇంకేం మిగలదు. ఆ మాట ఎంత తేలిగ్గా రాశావురా.

నేనెలా గుర్తుపెట్టుకుంటానో నీకు తెలుసు, మళ్ళీ చెబుతున్నాను. మనింటికి ఉతకడానికొచ్చే ఆసుపత్రి దుప్పటికి ఎనిమిది మడతలు. నువ్వు ఒక వాక్యం చదివేవాడివి, నేనొక మడత పెట్టేదాన్ని. ఎనిమిది వాక్యాలకి ఒక దుప్పటి. తప్పు వస్తే విప్పి మళ్ళీ మొదటినుంచి. ఇప్పటికీ ప్రసంగం చేసేటప్పుడు నా చేతులు ఖాళీగా గాలిలో మడతలు పెడుతుంటాయి. పిల్లలు నవ్వుకునేవాళ్ళు, ఆ పిల్లలే రావడం మానేశారు కాబట్టి ఇప్పుడు ఎవరూ నవ్వరు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే పరీక్ష పెట్టుకున్నాను. నర్సమ్మ గ్రంథం తెరిచి, కళ్ళు మూసుకుని ఎక్కడ వేలు పెడితే అక్కడినుంచి నేను చెప్పాలి. ఆవిడ వేలితో వరస వెంట వస్తూ చూడాలి. తను జాలి చూపించే మనిషి కాదు, రోగులు కూడా ఆ మాటే అనేవాళ్ళు. (అవును, అనేవారు. - నర్సమ్మ) మూడు వారాలు చూసింది. నలభై చోట్లు. వంశాల పట్టికలు కూడా వదల్లేదు. ముప్పై తొమ్మిది చోట్ల మాటకి మాట సరిపోయింది. రెండు చోట్ల "వారు" అనాల్సింది "వాళ్ళు" అన్నాను, నర్సమ్మ అది తప్పు కింద వెయ్యలేదు.

నలభయ్యోది నేనే అడిగి చదివించుకున్నాను. పదిమంది ఆడపిల్లలది. నిజమే. తలుపు మూసే ఉంది.

కాబట్టి బుద్ధిమంతుడివి కదా, ఆలోచించు. ముప్పై తొమ్మిది చోట్ల తప్పని జ్ఞాపకం ఒక్క చోటే ఎందుకు తప్పుతుంది? నా దుప్పట్లో ముడత లేదు. బట్టే అలా వచ్చింది.

అది చదివిన రోజు నాకు గుర్తుంది. నేను తిరిగొచ్చిన వారం. ఏ వారమో నీకు తెలుసు. కుటుంబం సంగతి నర్సమ్మ ముందు రాయలేనన్నావు కదా, ఆ కష్టం నీకు లేకుండా చేస్తాను. ఆవిడకి మొత్తం చెప్పేశాను. పందొమ్మిదో ఏట లారీ డ్రైవరు వెంట పోయానని, పెళ్ళి చేసుకుంటానన్నవాడు నాలుగు నెలలకి వదిలేసి పోయాడని, నేను తిరిగొస్తే నాన్న వాకిలి తలుపు తియ్యలేదని, రెండు రోజులు బట్టలుతికే షెడ్డులో ఉన్నానని, మూడో రోజు పనిమనిషి కావాలి కనుక లోపలికి రానిచ్చాడని. నర్సమ్మ కలం ఆపి, "ఆ డ్రైవరు ఇంకా ఉన్నాడా" అని అడిగింది, సూది గుచ్చేలాగే.

ఇప్పుడు దాపరికం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు నువ్వు ఏం చదివావు?

అక్క


కార్యాలయం,
జూలై 20

అక్కకు,

పని ఒత్తిడిలో ఉన్నాను, క్లుప్తంగా రాస్తున్నాను. విచారణ ఆగస్టు 27న. దీనితో ఒక పత్రం పంపుతున్నాను. "జ్ఞాపక లోపం వలన పొరపాటు జరిగింది" అని అందులో టైపు చేయించాను. కింద గీత ఉన్నచోట వేలిముద్ర వేసి పంపితే నువ్వు అంత దూరం రానక్కర్లేదు. నా మీద నమ్మకముంచు. పాత సంగతులు తవ్వితే నీ చర్చికి ఒరిగేదేమీ లేదు.

తమ్ముడు


ఇంటి వెనక గది,
జూలై 28

తమ్ముడికి,

నీ పత్రం నాలుగు చోట్ల నలిగి వచ్చింది. ఇస్త్రీ చేసి వెనక్కి పంపుతున్నాను. గీత మీద ఏమీ లేదు చూసుకో.

నేను విచారణకి రాను. నా తరఫు సాక్షివి నువ్వు, నువ్వు ఎలాగూ అక్కడే కూర్చుంటావు. అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. నాకు జవాబు తెలిసిపోయింది. అయినా నీ నోటినుంచి కావాలి. నాకు ఏదైనా నీ నోటినుంచి వినడమే అలవాటు.

అక్క


ఇల్లు,
ఆగస్టు 11

అక్కా,

ఇది ఇంటినుంచి, చేత్తో రాస్తున్నాను. నర్సమ్మ గారూ, దయచేసి ఏమీ తగ్గించకుండా చదవండి.

నేనే కలిపాను.

ఫిర్యాదు నా బల్ల మీదకి వచ్చిన రోజునే తెలుసు. మొదటి వరస చదవగానే తెలిసింది. నలభై ఏడేళ్ళు మరిచిపోయాననుకున్నది, తిరగేసిన తొట్టితో సహా గుర్తొచ్చింది. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు కూడా తెలుసు. నీకు జ్ఞాపకం తప్పిందని రాసేటప్పుడు కూడా తెలుసు.

ఆ సాయంత్రం నువ్వు ఎవరితోనూ మాట్లాడటం లేదు. నాన్న పక్క గదిలో దగ్గుతున్నాడు. వరసగా చదువుతూ వచ్చి ఆ అధ్యాయంలో పడ్డాను, ముందు ఏముందో నాకు తెలియదు. తలుపు మూశారని చదివాను. నీ ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. దుప్పటి మీద అలాగే ఉంచేశావు, కమురు వాసన వచ్చింది. నువ్వు నా వైపు చూడలేదు. "తర్వాత?" అన్నావు. నేను పేజీ వైపే చూస్తున్నాను. పెళ్ళికొడుకు లోపలినుంచి అన్న మాట చదివేశాను. మళ్ళీ "తర్వాత?" అన్నావు. తరువాత అక్కడ ఏమీ లేదు అక్కా. నువ్వు ఇంకా ఉందన్నట్టు నిలబడి ఉన్నావు. నాకు పదకొండేళ్ళు. నోటికి వచ్చింది చదివాను. లేచాడు, దీపం తీసుకున్నాడు, తలుపు తీశాడు అని. నీ ఇస్త్రీపెట్టె కదిలింది. నువ్వు మడత పెట్టావు.

మర్నాడు చెబుదామనుకున్నాను. నువ్వు పాట పాడుతున్నావు, చెప్పలేదు. తరువాత ఇల్లు వదిలి చదువుకి వచ్చేశాను. నువ్వు ప్రసంగాలు చేస్తున్నావని తెలిసినప్పుడు కూడా ఇది ఒక్కసారైనా చెప్పాలని అనుకోలేదు. నిజంగా మరిచిపోయానో, మరిచిపోయినట్టు ఉండటం అలవాటైందో ఇప్పుడు చెప్పలేను.

నా చిన్నప్పటి పనికి క్షమించమని అడుగుతున్నాను. పత్రం సంగతి ఎలా అడగాలో తెలియడం లేదు.

తమ్ముడు


ఇంటి వెనక గది,
ఆగస్టు 17

తమ్ముడికి,

నర్సమ్మ ఏమీ తగ్గించలేదు. రెండుసార్లు చదివించుకున్నాను.

వరసగా చెబుతాను, నువ్వు వరసగా విను.

పదకొండేళ్ళప్పుడు చేసినదానికి నీకు క్షమాపణ అక్కర్లేదు. ఆ ఇంట్లో ముగ్గురు మగవాళ్ళు ఉన్నారు, నాన్న, పెదనాన్న, నువ్వు. నా కోసం ఒక తలుపు తీసింది నువ్వొక్కడివే. దాని మీద నిలబడి నలభై ఏడేళ్ళు బతికాను. ఇరవై రెండేళ్ళు దాన్నే నలుగురికీ పంచాను.

యాభై ఎనిమిదేళ్ళప్పుడు చేసినదాని సంగతి వేరు. నా జ్ఞాపకం తప్పిందన్నావు. నీకు తెలిసి అన్నావు. మూడు వారాలు నేను ఎలా ఉన్నానో తెలుసా? నర్సమ్మ వేలు పెట్టిన ప్రతిచోటా భయపడ్డాను. స్టవ్వు ఆపానా లేదా అని రెండుసార్లు లేచి చూసుకున్నాను. చనిపోయిన మనుషుల పేర్లు వరసగా చెప్పుకున్నాను, ఎవరైనా జారిపోయారేమోనని. చదువు లేని ముసలిదాన్ని మతిమరుపుదని అనడానికి మీ కమిటీకి సాక్ష్యం కూడా అవసరం లేదు, నా వయసు చాలు. నువ్వు ఆ వయసుని అంకె వేసి మరీ రాశావు. నీ ఎన్నిక కోసం.

దాన్ని క్షమించాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను. తొందరపెట్టకు.

ఈలోగా చెయ్యాల్సిన పని ఉంది. 27న ఆ ముగ్గురి ముందు లేచి, నాకు రాసింది వాళ్ళకి చెప్పు. ఏడవక్కర్లేదు, చేతులు కట్టుకోనక్కర్లేదు. ఎవరు కలిపారో, ఎందుకు కలిపారో, ఎవరి జ్ఞాపకం తప్పలేదో చెప్పు. లారీ డ్రైవరు సంగతి కూడా చెప్పు. నేను సిగ్గుపడటం మానేసి చాలా కాలమైంది, నువ్వు నా తరఫున మొదలుపెట్టకు.

నువ్వు చెప్పకపోతే నర్సమ్మ ఇంకో ఉత్తరం రాస్తుంది. అది నీ పేరు మీద రాదు.

అక్క


కార్యాలయం, రెండో అంతస్తు,
సెప్టెంబరు 2

అక్కా,

చెప్పాను.

నీ పేరు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కమిటీ పెద్దాయన ఫిర్యాదు చదివి, ఇదంతా వయసు ప్రభావం, మందలించి వదిలేద్దామా అన్నారు. సులువుగా అయిపోయేది. నేను లేచి, ఆమె జ్ఞాపకం సరిగ్గానే ఉంది, తప్పు చదివింది నేను అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఎప్పుడు అని అడిగారు. నలభై ఏడేళ్ళ కిందట అన్నాను. ముగ్గురిలో ఒకాయన నవ్వి, నేను నవ్వడం లేదని చూసి ఆగిపోయారు. అప్పుడు మొత్తం చెప్పాను. నువ్వు చెప్పమన్నది కూడా.

కళ్ళజోడు పాస్టరు ఫిర్యాదీగా అక్కడే ఉన్నాడు. ఆ నలభై చోట్ల పరీక్ష సంగతి చెబితే, అతను తన సంచిలోనుంచి గ్రంథం తీసి ముందు పెట్టుకుని, తనకైతే పది చోట్లు కూడా రావన్నాడు.

నిర్ణయం ఇది. "జ్ఞాపక లోపం" అన్న మాట కొట్టేశారు. "ఆమెకు చదివి వినిపించిన వ్యక్తి చేసిన మార్పు" అని రాశారు. ఆ వ్యక్తి పేరు కూడా రాయమన్నాను, రాశారు. కానీ అనుమతి పత్రం ఇవ్వలేదు. ప్రసంగీకులు గ్రంథం స్వయంగా చదవగలగాలన్న నిబంధనకి మినహాయింపు ఇవ్వలేమన్నారు. ఆమె వేరొకరి నోటి మీద ఆధారపడితే ఏం జరుగుతుందో ఇప్పుడే చూశాం కదా అన్నారు పెద్దాయన. నేను ఇచ్చిన ఆయుధంతోనే కొట్టారు. నా అసమ్మతి రాసి ఇచ్చాను, దస్త్రంలో పెట్టారు.

అనుమతి లేనివారు చెప్పిన ఆదివారాల హాజరు ఇకమీద లెక్కలోకి రాదు. అంటే మీ చర్చికి అయిదు వారాల్లో నాలుగు సున్నాలు. డిసెంబరులో విలీనం జాబితా వేస్తారు. నీ దగ్గర దాచడం మానేశాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఎన్నికకి నా పేరు తీసేశారు. నన్ను అడగలేదు. కార్యదర్శిగా డిసెంబరు దాకా ఉంటాను. ఆ జాబితా మీద సంతకం నాది పడాలి. పెట్టనని ఇప్పుడే చెప్పేశాను. నేను పెట్టకపోతే ఇంకొకరు పెడతారు, అది కూడా తెలుసు.

అక్కా, నీకు పై నుంచి మరో కాగితం వస్తుంది, మాట్లాడకూడదని. ఈసారి దాని మీద నా సంతకం ఉండదు. నువ్వు ఏం చేస్తావో నేను అడగను.

తమ్ముడు


ఇంటి వెనక గది,
సెప్టెంబరు 23

తమ్ముడికి,

కాగితం వచ్చింది. నర్సమ్మ చదివింది. సంతకం ఎవరిదో తెలియదు, అక్షరాలు మాత్రం అందంగా ఉన్నాయట.

నిన్న ఆదివారం. నువ్వు అడగనన్నావు కాబట్టి నేనే చెబుతున్నాను.

ఏడుగురు వచ్చారు. మా తొమ్మిదిమందిలో ఇద్దరికీ ఒకే గొడుగున్న అక్కచెల్లెళ్ళు మానేశారు. అనుమతి లేనిచోట కూర్చుంటే రేపు తాము పోయినప్పుడు పాస్టరు వచ్చి పూడ్చడేమోనని వాళ్ళ భయం. ఇంటికి పోయి అడిగితే తలుపు చాటునుంచే ఆ మాట చెప్పారు. తప్పు వాళ్ళది కాదు. మనుషులు రావడం లేదని ఏడుస్తూ, వచ్చేవాళ్ళని ఇలా బెదరగొట్టే పద్ధతి ఎవరు కనిపెట్టారో మీ పెద్దాయన్ని అడుగు.

నేను లేచి నిలబడి, ముందు నర్సమ్మ చేత ఆ భాగం చదివించాను. రాసి ఉన్నట్టే. తలుపు మూసే దాకా చదివి ఆవిడ పుస్తకం మూసింది. తర్వాత చెప్పాను. ఇరవై రెండేళ్ళు మీకు ఆ తలుపు తీశారని చెప్పాను, అది ఇందులో లేదు, నేను తిరిగొచ్చిన వారం నా తమ్ముడు నా కోసం కలిపాడు, తెలియక మీకు పంచాను, తెలిసింది కనుక చెబుతున్నాను అన్నాను. ఎక్కడినుంచి తిరిగొచ్చానో కూడా చెప్పాను.

మా దగ్గర ఒక వాచ్‌మన్ ఉన్నాడు. పన్నెండు గంటల డ్యూటీ దిగి నేరుగా వచ్చి, గోడకి ఆనుకుని నా ప్రసంగమంతా నిద్రపోతాడు. పదేళ్ళుగా అంతే. నిన్న మేలుకునే ఉన్నాడు. "మరి ఆ అయిదుగురూ ఎటు పోయారమ్మా?" అని అడిగాడు.

రాయలేదన్నాను. లోపల విందు సంగతి రాశారు, బయట నిలబడ్డవాళ్ళు ఆ చీకట్లో ఏం చేశారో ఎవరూ రాయలేదు. నా చేతులు మడత పెట్టబోయాయి. పెట్టడానికి అక్కడ బట్ట లేదురా. అప్పుడు నాకు తోచింది చెప్పాను. ఇది పుస్తకంలో లేదు, నా మాట, నా మాటగానే వినండి అని ముందే చెప్పి మరీ చెప్పాను.

"ఆ తలుపు తియ్యాలా వద్దా అన్నది లోపలున్న ఆయన ఇష్టం, అది నా పని కాదు. నేను మాత్రం ఇవతల నిలబడతాను. ఇవతల ఎలా ఉంటుందో లోపల కూర్చున్నవాళ్ళకంటే నాకు బాగా తెలుసు. అక్కడున్న అయిదుగురితో ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. నాకు చేతనైనంతకాలం మాట్లాడతాను."

అంతే చెప్పాను. రోజూ చెప్పేదానికంటే తక్కువే. వాచ్‌మన్ లేచి వెళుతూ, ఈ ప్రసంగం బాగుంది, నిద్ర మాత్రం పాడైందన్నాడు.

కళ్ళజోడు పాస్టరు కూడా వచ్చాడు, తన వంతు కాకపోయినా. ఆఖరి బల్ల మీదే. పుస్తకం తియ్యలేదు. అందరూ పోయాక నా దగ్గరికొచ్చి, రాసింది రాసినట్టు చెప్పారు, మీది మీదని చెప్పారు, దీని మీద నేను ఫిర్యాదు చెయ్యలేను అన్నాడు. అనుమతి లేదు కదా బాబూ అన్నాను. దాని గురించి కూడా తనని అడుగుతారన్నాడు. అడిగితే నిజం రాసెయ్యి, నీ ఉద్యోగం నువ్వు చూసుకో, నా కోసం అబద్ధం చెప్పిన మగవాడు ఇంట్లో ఒకడున్నాడు, చాలు అన్నాను. నవ్వాడు. నవ్వితే చిన్నపిల్లాడిలా ఉన్నాడు. గొడుగు అక్కచెల్లెళ్ళ ఇల్లు ఎక్కడో అడిగి, తనే వెళ్ళి పూడ్చే సంగతి మాటిస్తానని అటు పోయాడు.

నీ సంగతి ఆలోచించడం అయిపోయింది. లేచి చెప్పావు, పేరు రాయించుకున్నావు, కుర్చీ పోగొట్టుకున్నావు. క్షమించాను. రెండోసారి అడిగించుకోవడం నాకు ఇష్టం లేదు కనుక ఇప్పుడే చెబుతున్నాను.

మీ కార్యాలయంవాళ్ళకి మాత్రం ఇది వినిపించు, నర్సమ్మ చదివినట్టే పైకి చదివి. నా ఆదివారాలకి సున్నా వేసుకోమను. సున్నాలు వేసేవాళ్ళకి ఆ ఏడుగురూ కనపడకపోతే వాళ్ళ కళ్ళకి చికిత్స నర్సమ్మ దగ్గర లేదట. డిసెంబరులో జాబితా వేస్తే వెయ్యమను. డిసెంబరు ఇంకా రాలేదు. అప్పటిదాకా పాస్టరు వంతు పోగా నాకు ఏడు ఆదివారాలున్నాయి, అన్నిటికీ ఏం చెప్పాలో నాకు తెలుసు, జ్ఞాపకం ఉంది.

నన్ను ఆపాలంటే కాగితాలు పంపొద్దను, నాకు చదవడం రాదు. మనుషుల్ని పంపమను, ఎంతమంది వచ్చినా సరే. ముందు రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి.

అక్క